ముందు మీరు కానివ్వండి

ఆఫీసుల్లో రోజూ వినపడే మాట "అర్జెంటు". నా పని అర్జెంటు, నీ పని అర్జెంటు, మేనేజరు గారి పని మరీ అర్జెంటు. టికెట్లు రాసుకునే టూల్లో మొదట్లో పీ1 నుంచి పీ4 దాకా నాలుగు మెట్లుంటాయి. ఆర్నెల్లు తిరిగేసరికి పీ3, పీ4 ఖాళీ, జనమంతా పీ1లోనే. అప్పుడెవరో తెలివైనవాళ్ళు పీ0 అని ఇంకోటి కనిపెడతారు. మీ ఆఫీసులో ఇలా జరగలేదంటే మీరు అదృష్టవంతులు, లేదా నిన్ననే చేరారు :)

"నా పని కాస్త ఆగినా ఫర్వాలేదు, ముందు మీరు కానివ్వండి" అని చెప్పుకోడానికి ఒక గడి ఉన్న టూలు మాత్రం నేనింతవరకూ ఒక్కటే చూశాను. యూనిక్సులో నైస్ అనే కమాండు. దాని గురించే ఈ టపా.

ముందే ఒక మాట. కమాండ్లన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. టెర్మినల్లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టుకోండి, నన్ను తిట్టుకోకుండా.

నైస్ మనలో చాలామందికి ఇంటర్వ్యూ ప్రశ్నగానే తెలుసు. "ప్రాసెసు ప్రయారిటీ ఎలా మారుస్తారు?" "నైస్, రీనైస్ అండీ." "రేంజి ఎంత?" "మైనస్ 20 నుంచి 19 దాకా అండీ." అంతే, తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతారు. ఉద్యోగంలో చేరాక ఆ కమాండు కొట్టినవాళ్ళు వందకి ఐదుగురైనా ఉంటారా అని నా అనుమానం.

నిజానికి ఇది ముసలి కమాండు. 1973 నాటి నాలుగో ఎడిషన్ యూనిక్సు నుంచీ ఉంది. అప్పటికే నడుస్తున్న ప్రాసెసు అంకెని మార్చే రీనైస్ 1980లో నాలుగో బీఎస్డీతో వచ్చింది. చాలామందికి ఇందులో మొదట తగిలే తికమక ఏంటంటే, అంకె పెరిగేకొద్దీ ప్రాధాన్యం తగ్గుతుంది. 19 అంటే అందరికంటే వెనక, మైనస్ 20 అంటే అందరికంటే ముందు. తలకిందులుగా పెట్టారేంట్రా అనిపిస్తుంది. కానీ పేరు చూడండి, నైస్. పక్కవాళ్ళతో ఎంత మంచిగా ఉంటావు అని అడిగే అంకె అది. తెలుగులో దీన్ని మొహమాటం అనొచ్చేమో. 19 అంటే పరమ మొహమాటస్తుడు. మైనస్ 20 అంటే... మీకు తెలిసిన ఒకాయన్ని గుర్తు తెచ్చుకోండి చాలు.

బఫేలు రాకముందు మన పెళ్ళిళ్ళలో బంతిభోజనాలు ఎలా సాగేవో గుర్తుందా? చిన్నపిల్లలు, షుగరున్న పెద్దవాళ్ళు, రైలుకి వెళ్ళాల్సినవాళ్ళు మొదటి బంతికి కూర్చుంటారు. ఇంటివాళ్ళు, కుర్రాళ్ళు "మేం తర్వాత తింటాంలెండి" అని వడ్డనకి దిగుతారు. అలాగని మొదటి బంతిలో విస్తరి ఖాళీగా ఉంటే ఊరికే వదిలెయ్యరు. "రావయ్యా, ఇక్కడొకటి ఖాళీ ఉంది, కూర్చో" అని లాగి కూర్చోబెడతారు. నైస్ పనిచేసేది అచ్చం ఇలాగే. నైస్ 19 ఇచ్చిన ప్రాసెసు, మిషను మీద వేరే పనేం లేకపోతే సీపీయూ మొత్తం వాడేసుకుంటుంది. పోటీకి ఎవరైనా వచ్చినప్పుడే పక్కకి జరుగుతుంది. అంటే ఎవరూ లేని అర్ధరాత్రి సర్వరు మీద ఈ మర్యాదకయ్యే ఖర్చు సున్నా.

ఎంత పక్కకి జరుగుతుందో దానికీ లెక్కుంది. లినక్సు కెర్నెల్లో ఒక్కో నైస్ అంకెకి ఒక్కో బరువు రాసిపెట్టిన పట్టిక ఉంటుంది. నైస్ 0కి 1024. మెట్టుకీ మెట్టుకీ సుమారు 1.25 రెట్లు తేడా. నైస్ 10కి 110, నైస్ 19కి 15, అటు చివర మైనస్ 20కి 88761. ఒకే కోరు మీద రెండు ప్రాసెసులు, రెండూ ఊపిరాడకుండా లెక్కలు చేసేవే, పోటీ పడుతున్నాయనుకోండి. రెండూ 0 అయితే చెరిసగం. ఒకటి 0, ఇంకోటి 1 అయితే సుమారు 55కి 45. ఒకటి 0, ఇంకోటి 10 అయితే 90కి 10. అదే 19 అయితే దానికి దక్కేది ఒకటిన్నర శాతం లోపే. అయినా సున్నా కాదు, గమనించండి. ఆఖరి బంతివాడికి కూడా చారన్నమైనా దొరుకుతుంది.

వాడే పద్ధతి కూడా ఒక్క ముక్కలో చెప్పేస్తాను. "నైస్ -ఎన్ 10 మేక్" అంటే మేక్ అనే పనిని పది మెట్లు వెనక్కి పెట్టి మొదలెట్టమని. అంకె ఇవ్వకుండా ఉత్త "నైస్ మేక్" అన్నా పదే. నడుస్తున్నదాన్ని మార్చాలంటే "రీనైస్ -ఎన్ 10 -పి" తర్వాత ప్రాసెసు నంబరు. టాప్ కమాండులో ఎన్ఐ అని ఉండే వరస ఇదే. రెండు చోట్ల కాలు జారుతుంది. నైస్ ఇచ్చిన అంకెని ఉన్నదానికి కలుపుతుంది, లినక్సులో రీనైస్ మామూలుగా ఆ అంకెనే ఖాయం చేస్తుంది. రెండోది, పాత పద్ధతిలో "నైస్ -10" అని కొడితే అది మైనస్ పది కాదు, పదే! ఆ గీత ఆప్షన్ గుర్తు మాత్రమే. ముందుకి జరుగుదామనుకుని వెనక్కి వెళ్ళిపోతారు :)

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకోటుంది. మామూలు యూజరు తన ప్రాసెసు నైస్ అంకెని పెంచుకోగలడు గానీ తగ్గించుకోలేడు. 0 నుంచి 10కి వెళ్ళడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. 10 నుంచి మళ్ళీ 0కి రావాలంటే రూట్ కావాలి. 2005లో వచ్చిన 2.6.12 కెర్నెలు నుంచీ లిమిట్స్ ఫైల్లో రాసి కొందరికి కొంత సడలింపు ఇవ్వచ్చు. ఇవ్వకపోతే పాత రూలే. మొదటిసారి చదివినప్పుడు ఇదేం అన్యాయం, తగ్గినవాడు మళ్ళీ లేవకూడదా అనిపించింది. ఆలోచిస్తే తెలివంతా అక్కడే ఉంది. టికెట్ల టూల్లో ముందుకెళ్ళడం ఉచితం, వెనక్కి తగ్గితే నష్టం. అందుకే అక్కడ అందరూ ముందే, ప్రాధాన్యం అన్న మాటకే అర్థం లేదు. యూనిక్సులో వెనక్కి తగ్గడం ఉచితం, ముందుకి రావడానికి తాళం. అందుకే ఆ అంకెకి యాభై ఏళ్ళ తర్వాత కూడా విలువుంది.

"ఇవన్నీ మనమెందుకు చెప్పాలి, కెర్నెలే కనుక్కోవచ్చుగా?" అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. కెర్నెలు ఆ ప్రయత్నమూ చేసింది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్లో ఇంగో మోల్నార్ రాసిన ఓ(1) షెడ్యూలరు ఉండేది. ఏ ప్రాసెసు ఎంతసేపు నిద్రపోతోందో అది గమనించేది. ఎక్కువ నిద్రపోతుంటే, పాపం ఇది మనిషి ఏదో నొక్కుతాడని ఎదురుచూస్తోంది అనుకుని ఐదు మెట్ల దాకా ముందుకి జరిపేది. నిద్రలేకుండా సీపీయూ తింటుంటే ఐదు మెట్ల దాకా వెనక్కి నెట్టేది. చాలాసార్లు ఊహ సరిపోయేది. సరిపోనప్పుడు పాట ఆగి ఆగి వచ్చేది, మౌసు ఇరుక్కుపోయేది. ఆస్ట్రేలియాకి చెందిన కాన్ కోలివాస్ అనే ఆయన, ఈ ఊహలన్నీ తీసేసి న్యాయంగా వంతులు పంచితే చాలని 2007లో ఒక షెడ్యూలరు రాసి చూపించాడు. ఆయన వృత్తి మత్తుమందు డాక్టరు. నిద్రపోయేవాళ్ళ సంగతి ఆయనకి కాక ఇంకెవరికి తెలుస్తుంది! అదే ఏడాది అక్టోబరులో వచ్చిన 2.6.23లో, వంతులు న్యాయంగా పంచే దారిలోనే మోల్నార్ రాసిన సీఎఫ్ఎస్ చేరింది. ఆ తర్వాత 2023 అక్టోబరులో వచ్చిన 6.6 కెర్నెల్లో దాని స్థానంలోకి ఈఈవీడీఎఫ్ అనే పద్ధతి వచ్చింది. దానికి మూలం 1995లో ఇద్దరు పరిశోధకులు రాసిన పేపరు. షెడ్యూలర్లు ఇన్ని మారినా నైస్ అంకె మాత్రం అలాగే ఉంది.

ఎందుకుందంటే, ఉన్నదాన్ని సమానంగా పంచడం కెర్నెలుకి వచ్చు. ఎవరి పని ఆగితే ఎవరికి నష్టమో దానికి తెలీదు. తెలిసే దారి లేదు. ఆ ముక్క ఆ పని మొదలెట్టిన మనిషికే తెలుస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అలాగే, చెప్పందే ఏ కెర్నెలూ మన వంతు తీసి పక్కవాడికి పెట్టదు.

ఇక్కడిదాకా పుస్తకాల్లో ఉన్నదే. కళ్ళారా చూసింది ఇప్పుడు చెప్తాను. 2022, హైదరాబాదు. కంపెనీ పేరు అనవసరం.

మా డెవలపర్లకీ టెస్టింగు వాళ్ళకీ కలిపి పదహారు కోర్ల ఉబుంటు సర్వరు ఒకటుండేది. మేం దాని మీద సీ++ బిల్డులు కొట్టేవాళ్ళం. టెస్టింగు టీములో ఇద్దరే. వాళ్ళ రిగ్రెషన్ టెస్టులు కూడా అన్ని కోర్లూ వాడుకునే రకమే. భోజనాలయ్యాక మా వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు బిల్డు కొడితే, రెండున్నరకి మొదలైన టెస్టులు ఎప్పటికవుతాయో దేవుడికే తెలియాలి. టెస్టింగు లీడు మా అందరికంటే వయసులో పెద్దావిడ. రోజూ సీట్ల దగ్గరికొచ్చి, "ఏం బాబూ, మీ కంపైలేషన్లు అయ్యాయా? మేం మొదలెట్టుకోవచ్చా?" అని అడిగి వెళ్ళేవారు. "ఇంకో పది నిమిషాలక్కా" అని ఎవరో ఒకరు అనేవారు. ఆ పది నిమిషాలు సాయంత్రం దాకా సాగేవి. ఆవిడ రాత్రి క్యాబ్ కోసం ఆగి టెస్టులు పూర్తి చేసేవారు. ఆ ఏడాది రివ్యూలో ఆవిడకి "టర్నరౌండ్ టైము మెరుగుపరుచుకోవాలి" అని రాశారు. నాకు ఒళ్ళు మండింది.

అదే సమయంలో ఇంకో వేడుక జరుగుతోంది. ఒక ప్రాజెక్టు లీడు, తమది ముఖ్యమైన క్లయింటు అని చెప్పి, వాళ్ళ బిల్డుని రూట్ అనుమతితో నైస్ మైనస్ 10లో నడిపించుకునేలా అడ్మిన్ చేత రాయించుకున్నాడు. పట్టికలో మైనస్ 10 బరువు 9548, అంటే మామూలువాళ్ళకి తొమ్మిది రెట్లు. వారం తిరక్కుండానే రెండో ప్రాజెక్టూ అడిగింది, ఆ తర్వాత మూడోదీ. పీ1 కథ మళ్ళీ మొదలు. తమాషా ఏంటంటే, మైనస్ 10 వచ్చాక బిల్డు వేగమైందని ప్రతివాళ్ళూ చెప్పారు.

మా టీములో ఒకబ్బాయి ఆవిడ అవస్థ చూడలేక, తన బిల్డుని నైస్ 19లో పెట్టి చూశాడు. టెస్టులు ఏమాత్రం వేగం కాలేదు. "అన్నా, ఈ నైస్ ఉత్తిదే, పుస్తకాలకే" అన్నాడు నాతో. అంకెలు చూస్తే అది అబద్ధం కాకూడదే! అప్పుడు మాన్యువల్లో షెడ్యూలింగు పేజీ మొదట్నుంచీ చదివితే తేలింది. ఆటోగ్రూపు.

2011 మార్చిలో వచ్చిన 2.6.38 కెర్నెల్లో మైక్ గాల్‌బ్రెయిత్ రాసిన మార్పు ఇది. ఒక్కో సెషనుని, అంటే దాదాపుగా ఒక్కో టెర్మినల్ని, ఒక్కో గుంపుగా కట్టేస్తుంది. సీపీయూని ముందు గుంపులకి సమానంగా పంచుతుంది. ఆ తర్వాత గుంపు లోపల వచ్చిన వాటాని నైస్ అంకెల ప్రకారం పంచుతుంది. ఒక టెర్మినల్లో ఇరవై కంపైలర్లు నడుస్తున్నా పక్కన వీడియో ఆగకూడదని చేసిన ఏర్పాటు. మంచిదే. కానీ దానివల్ల, నా టెర్మినల్లో నేను 19కి దిగినా, ఇంకొకళ్ళ టెర్మినల్కి చిల్లిగవ్వ లాభం లేదు. ఒక బంతిలో కూర్చున్నవాళ్ళు వాళ్ళలో వాళ్ళే "ముందు మీరు" అనుకున్నట్టు. పక్క బంతికి ఒక్క గారె కూడా వెళ్ళదు.

ఇది తెలిశాక నవ్వొచ్చింది. ఎందుకంటే ఇదే లెక్కన ఆ మైనస్ 10లు కూడా ఉత్తివే! వాళ్ళ గుంపులో వాళ్ళే రాజులు. మిగతా గుంపుల మీద ఆ తొమ్మిది రెట్లు ఎప్పుడూ పనిచెయ్యలేదు. వారాల తరబడి పోట్లాడుకుని తెచ్చుకున్న హోదా, వేగమైందని చెప్పిన సాక్ష్యాలు, అంతా మనసుకి తృప్తి, అంతే.

మందు కూడా ఆ పేజీలోనే ఉంది. గుంపు మొత్తానికి కలిపి ఒక నైస్ అంకె ఉంటుంది. "/ప్రాక్/సెల్ఫ్/ఆటోగ్రూప్" అనే ఫైల్లోకి ఎకో కమాండుతో ఒక అంకె రాస్తే ఆ గుంపంతా ఆ మేరకి తగ్గుతుంది. రూట్ అక్కర్లేదు. బిల్డు స్క్రిప్టు మొదట్లో ఈ ఒక్క లైను చేరిస్తే సరి.

ఎంత అంకె పెట్టాలి అన్నదాని మీద మీటింగు జరిగింది. నేను 19 అన్నాను. నాలుగు బిల్డులు, ఒక టెస్టు సెషను పోటీ పడితే, అన్నీ 0లో ఉన్నప్పుడు టెస్టులకి దక్కేది అయిదో వంతు, 20 శాతం. బిల్డులన్నీ 19కి దిగితే టెస్టులకి 94 శాతం. "అయితే టెస్టులయ్యేదాకా మేం చేతులు ముడుచుకోవాలా?" అని ఒకాయన అడిగాడు. అడగాల్సిన మాటే. చివరికి 10 దగ్గర కుదిరింది. 10 అయితే టెస్టులకి లెక్క ప్రకారం 70 శాతం, నాలుగు బిల్డులకీ తలా ఏడున్నర. పొద్దున్న టెస్టులు ఉండవు కాబట్టి అప్పుడు బిల్డులకి ఒక్క సెకను కూడా తేడా రాదు. ఆ వాక్యం విన్నాకే అందరూ ఒప్పుకున్నారు. మొహమాటం ఖరీదు ఎంతో లెక్క కట్టి చూపిస్తే, మనుషులు అంత చెడ్డవాళ్ళేం కాదు.

ఆవిడ రివ్యూ కోసం ఇంకో పని చేశాం. టైమ్ అనే కమాండు ఉంది కదా, దాని ముందు పెట్టి ఏ పని నడిపినా చివర్లో మూడు అంకెలిస్తుంది. రియల్ అంటే గోడగడియారం లెక్క. యూజర్, సిస్ అంటే ఆ పని నిజంగా సీపీయూ మీద గడిపిన సమయం. అవే టెస్టుల్ని సర్వరు ఖాళీగా ఉన్న ఆదివారం ఒకసారి, రద్దీగా ఉన్న మధ్యాహ్నం ఒకసారి నడిపించాం. యూజర్, సిస్ కలిపితే రెండు రోజులూ దాదాపు ఒకటే. రియల్ మాత్రం మధ్యాహ్నం మూడు రెట్లు దాటింది. అంటే పని అంతే, మిగతాదంతా ఎదురుచూపు. ఆవిడ ఆ కాగితం పట్టుకెళ్ళి చూపించారు. "నిజమేనండీ, కానీ ఆ సైకిలు మూసేశాం" అన్నారట. రేటింగు మారలేదు. "పోన్లే బాబూ, వచ్చేసారికైనా పనికొస్తుంది" అన్నారావిడ. వచ్చేసారికి పనికొచ్చింది కూడా. కానీ పోయినది పోయినట్టే.

ఈ విషయం నన్ను ఇంకా కుదురుగా ఉండనివ్వదు. మిషను మీద ఎవరు తగ్గారో టాప్ కమాండులో ఒక వరసలో కనిపిస్తుంది. ఎవరు ఎంతసేపు పనిచేశారో, ఎంతసేపు ఆగారో టైమ్ విడదీసి చెప్తుంది. మనుషుల దగ్గరికొచ్చేసరికి మనం చూసేది రియల్ ఒక్కటే. ముందు మీరు కానివ్వండి అన్నవాళ్ళని, తర్వాత నువ్వెందుకు ఆలస్యం అని అడుగుతాం.

మళ్ళీ కమాండు దగ్గరికొద్దాం. నైస్ సర్వరోగనివారిణి అనుకుని వెళ్ళి కొట్టేసేవాళ్ళ కోసం కొన్ని హెచ్చరికలు.

ఒకటి, ఇది పంచేది సీపీయూని మాత్రమే. ర్యాము చాలక మిషను స్వాపులో కొట్టుకుంటుంటే 19 పెట్టినా ఒరిగేదేం లేదు. డిస్కు దగ్గర రద్దీ అయితే దానికి ఐయోనైస్ అని వేరే కమాండుంది. "-సి 3" అంటే డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే నాకివ్వమని. ఇది 2005లో వచ్చిన 2.6.13 కెర్నెల్లో సీఎఫ్‌క్యూ అనే డిస్కు షెడ్యూలరుకి తోడుగా చేరింది. ఆ సీఎఫ్‌క్యూని 2019లో వచ్చిన 5.0 కెర్నెల్లో తీసేశారు. బీఎఫ్‌క్యూ లాంటివి ఈ అంకెని పట్టించుకుంటాయి. కొత్త ఎన్‌వీఎంఈ డిస్కుల మీద చాలాచోట్ల అసలు షెడ్యూలరే ఉండదు, అక్కడ ఐయోనైస్ కొట్టడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. "/సిస్/బ్లాక్" కింద మీ డిస్కు పేరుతో ఉన్న చోట, క్యూలో షెడ్యూలర్ ఫైలు తెరిస్తే ఏది వాడుతోందో తెలుస్తుంది.

రెండు, కంటెయినర్లు, సిస్టమ్‌డీ సర్వీసులు ఉన్నచోట గుంపులు కట్టేది సిగ్రూపులు. గూగుల్ ఇంజనీర్లు 2006లో మొదలెట్టిన పని, 2008 జనవరిలో 2.6.24తో కెర్నెల్లోకి వచ్చింది. అక్కడ కూడా కథ ఆటోగ్రూపు లాంటిదే, నైస్ గుంపు లోపలే చెల్లుతుంది. గుంపుల మధ్య పంచాలంటే సిస్టమ్‌డీలో సీపీయూవెయిట్ అనే విలువ మార్చాలి. మామూలు విలువ 100, 1 నుంచి 10000 దాకా ఇవ్వచ్చు. ఆటోగ్రూపు ఫైల్లో ఎంత రాసినా తేడా రాకపోతే ముందు ఇది చూడండి.

మూడు, అన్నిటికంటే ప్రమాదమైంది. తాళం పట్టుకున్నవాణ్ణి వెనక్కి నెట్టకూడదు. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన నాసా వారి పాత్‌ఫైండర్ కథ మీలో కొందరు వినే ఉంటారు. దిగిన కొన్నాళ్ళకి దాని కంప్యూటరు దానంతటదే మళ్ళీ మళ్ళీ రీసెట్ అవ్వడం మొదలెట్టింది. వాతావరణం వివరాలు సేకరించే చిన్న పని ఒకటి, అందరికంటే వెనక. అది ఒక తాళం పట్టుకునుండగా, మధ్య ప్రాధాన్యం పనులొచ్చి దాన్ని ఆపేసేవి. ఆ తాళం కోసమే అందరికంటే ముఖ్యమైన పని ఎదురుచూసేది. అది సమయానికి పూర్తి కాలేదని చూసి కాపలా గడియారం అంతా రీసెట్ చేసేసేది. భూమ్మీద ఉన్న నకలు మిషను మీద ఇంజనీర్లు దీన్ని మళ్ళీ తెప్పించి చూసి, కారణం పట్టుకున్నారు. తాళం పట్టుకున్నవాడికి, ఎదురుచూసేవాడి ప్రాధాన్యం తాత్కాలికంగా అరువిచ్చే ఏర్పాటు వీఎక్స్‌వర్క్స్‌లో ముందే ఉంది, ఆపేసి ఉందంతే. దాన్ని ఇక్కణ్ణుంచే పంపి ఆన్ చేశారు. మన సర్వర్లలోనూ అదే నీతి. డేటాబేసులో బరువైన క్వెరీ ఒకటి నడుస్తోందని దాని ప్రాసెసుని 19కి నెడితే, అది పట్టుకున్న లాకుల కోసం మిగతా క్వెరీలన్నీ బారులు తీరతాయి. బిల్డులు, బ్యాకప్పులు, వీడియో మార్పిడులు, లాగ్ ఫైళ్ళ కుదింపులు, ఇలా ఎవరికీ తాళం వెయ్యని పనులకే నైస్ పెట్టండి.

ఇదంతా ఇప్పుడెందుకయ్యా, కోర్లు చవకైపోయాయి, ఎవరి మిషను వాళ్ళకి క్లౌడులో దొరుకుతోంది కదా అంటారా? క్లౌడంటే పక్కవాడు కనిపించని షేర్డు సర్వరే. ఎన్ని కోర్లిచ్చినా మేక్ వాటిని నింపేస్తుంది, అది దాని స్వభావం. పెద్ద మిషను కొంటే ఆ సమస్య ఆర్నెల్లు వాయిదా పడుతుంది. ఏ పని ఆగచ్చో చెప్పుకునే అలవాటు మాత్రం ఏ మిషనుతోనూ రాదు.

కాబట్టి నా సలహా ఒక్కటే. మీ క్రాన్‌ట్యాబ్ ఒకసారి తెరిచి చూడండి. తెల్లారేలోగా అయితే చాలు అనుకునే పనులు అందులో కనీసం నాలుగుంటాయి. వాటి ముందు నాలుగు అక్షరాలు, ఒక అంకె చేర్చండి. ఎవరూ మెచ్చుకోరు, ఎవరికీ తెలీదు కూడా. ఆ రాత్రి మూడింటికి ఏదో పగిలి, నిద్రకళ్ళతో లాగిన్ అయిన పిల్లో పిల్లాడో కొట్టిన కమాండుకి జవాబు వెంటనే వస్తుంది, అంతే.

మీ ఆఫీసులో ఎవరైనా నిజంగా నైస్ వాడుతున్నారా? వాడుతుంటే ఎంత అంకె? చెప్పండి, లెక్క కట్టుకుందాం :)